గౌతమి ఆవలి గట్టున ఫ్రెంచి ప్రభుత్వము

కోనసీమలోని బండారులంకనుండి అమలాపురము మీదుగా ముమ్మిడివరము, మురమళ్ళ దాటి ఎదుర్లంక రేవు చేరిన బాటసారికి గౌతమి ఆవలి గట్టున కనబడునది మఱియొక తెలుగు ఊరే. అవే కొబ్బరిచెట్లు, అవే పెంకుటిండ్లు, అదే గోదావరి నీరు. అయినను 1954వ సంవత్సరము వఱకు ఆ రేవు దాటినవాడు ఒక రాజ్యమును విడిచి మఱియొక రాజ్యమున కాలు మోపినట్లే లెక్క. ఆవల యానామునందు ఫ్రెంచి అధికారి, ఫ్రెంచి న్యాయస్థానము, మేయరు, మూడురంగుల పతాకము ఉండెడివి. బండారులంకకు అది నలుబది కిలోమీటర్లకు మించిన దూరము కాదు. ఐరోపా దేశముల ప్రభుత్వవిధానమును పాఠ్యగ్రంథములలో కంఠస్థము చేయు మన బాలురకు, అట్టి ప్రభుత్వమొకటి తమ తాతముత్తాతల కన్నులయెదుట, తెలుగు మాటాడు ప్రజలమీద దాదాపు రెండువందల సంవత్సరములు నడచెనని చెప్పువారు లేకపోవుట నాకు విచారకరముగా తోచుచున్నది.

ఫ్రెంచివారిని ఈ తీరమునకు రప్పించినది నూలుబట్ట. గోదావరి పాయల నడుమ మగ్గములపై నేసిన సన్నని వస్త్రమునకు పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో ఐరోపా విపణులయందుండిన గిరాకి సామాన్యమైనది కాదు. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరు సీమవారి నోట ‘మడపొల్లము’గా మాఱి ఒక బట్టజాతికే నామధేయమైనది. ఆంగ్లేయులు ఆ మాధవాయపాలెమునందును, ఇంజరమునందును, వైనతేయము సాగరమున కలియుచోట బెండమూర్లంకయందును వర్తకశాలలు కట్టుకొనిరి. (బెండమూర్లంక వేఱు, మన బండారులంక వేఱు, పేర్ల పోలికచే చదువరులు భ్రమపడరాదు.) ఫ్రెంచివారు 1723లో యానామున దిగి, వర్తకము గిట్టుబాటు గాక 1727లో విడిచిపోయి, 1731లో మరల వచ్చి స్థిరపడిరి. బయానా తీసుకొని పడుగు పేనిన నేతగానికి ఆ బట్ట ఏ దొర ఓడనెక్కునో తెలియదు. ఆ దొరల బలిమి మాత్రము అతని మగ్గమునుండియే పుట్టినది.

కోనసీమ యావత్తు ఫ్రెంచివారి ఏలుబడిలోనుండిన కాలమొకటి కలదు. 1753లో నిజాము సలాబత్ జంగు, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యపు జీతబత్తెములకై శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము సర్కారులను ఫ్రెంచివారికి ధారపోసెను. 1757 జనవరిలో బొబ్బిలిని భస్మము చేసిన ఆ బుస్సీయే, అదే సంవత్సరమున మాధవాయపాలెము, బెండమూర్లంక, ఇంజరములలోని ఆంగ్లేయ వర్తకశాలలను సయితము పట్టుకొనెను. మఱుసటి సంవత్సరము డిసెంబరులో పిఠాపుర ప్రాంతమునందలి చందుర్తి యుద్ధమున ఆంగ్లేయ కర్నలు ఫోర్డు ఫ్రెంచివారిని జయించుటతో ఆ అయిదేండ్ల ఏలుబడి అంతరించినది. ప్రజలకు దానివలన మిగిలినది శిస్తుల భారమే.

తరువాత యానాము ఐరోపా యుద్ధములనుబట్టి చేతులు మాఱుచు వచ్చినది. ఎక్కడనో పారిసున సంధి వ్రాసికొన్నచో ఇక్కడ జెండా మాఱెడిది. తుదకు 1814 నాటి సంధిచే అది తిరిగి ఫ్రెంచివారిదైనది కాని, కోటలు కట్టరాదనియు, శాంతిరక్షణకు వలసినంత మేరకే భటులను నిలుపుకొనవలెననియు ఆంగ్లేయులు కట్టడి చేసిరి. కత్తి దిగిపోయిన ప్రభుత్వమునకు ఇక మిగిలినది కాగితమును కచ్చేరియును. యానాము చరిత్రలో మిక్కిలి ఆలోచింపదగిన ఘట్టము ఇక్కడనే ఆరంభమగుచున్నది.

ఫ్రాన్సు ప్రజాస్వామికరాజ్యమైన పిమ్మట అచ్చటి శాసనములు ఈ ఏటిగట్టుకును ప్రాకి వచ్చినవి. ఫ్రెంచి ఇండియా అంతయు కలిసి పారిసు శాసనసభకు ఒక ప్రతినిధిని పంపు హక్కు లభించినది. 1870వ దశకమున ప్రజలెన్నుకొను స్థానికసభలు ఏర్పడినవి. 1880 మార్చి 12 నాటి శాసనముచే పుదుచ్చేరి, కారైకాలు, చంద్రనగరము, మాహే, యానాము ప్రాంతములు పది పురపాలకములుగా విభజింపబడగా, అందు యానాము ఒకటియై తన మేయరును తానే ఎన్నుకొనసాగినది. ఆ కాలమున గోదావరికి ఈవల అమలాపురము తాలూకా రైతునకు చట్టసభకు ఓటు అన్నదే లేదు. 1920లో వచ్చిన ఓటు సయితము పన్ను కట్టు కొలదిమందికే దక్కినది. ఏటికి ఆవల నున్న తెలుగు పురుషుడు అంతకు నలుబది యేండ్లు ముందే ఓటరు.

అయితే ఈ మాట విని మురిసిపోవలదు. ఓటు పురుషులందఱికిని ఉన్నది గాని సమానముగా లేదు. 1884లో ఓటర్లను మూడు జాబితాలుగా విడదీసిరి: ఐరోపీయులు ఒకటి, తమ కులాచార ధర్మమును విడిచి ఫ్రెంచి ధర్మశాస్త్రమును స్వీకరించిన స్వదేశీయులు ఒకటి, తక్కిన ప్రజలెల్లరు ఒకటి. వ్రేళ్ళమీద లెక్కింపదగిన తెల్లవారికి వేలకొలది ప్రజలతో సరితూగు బలము ఇచ్చుటయే దీని అంతరార్థము. పారిసునకు ఎన్నికైన ప్రతినిధులలో ఈ దేశమును కన్నులార చూడనివారును ఉండిరి. 1899లో జాబితాలు రెండుగా తగ్గినవి. జాబితాల భేదము పూర్తిగా తొలగినది 1945లో మాత్రమే. సమానత్వము తన ధ్యేయమని చాటిన రాజ్యమునకు దానిని తన తెలుగు ప్రజకు ఇచ్చుటకు అంతకాలము పట్టుట న్యాయము కాదని నేను నిష్కర్షగా చెప్పగలను.

ఇక ఆ ప్రజ ఎంత? 1901 జనాభా లెక్కలలో యానాము నివాసులు 5,005 మంది. నేడు మన కోనసీమలో ఒక పెద్ద గ్రామమునకు అంత జనముండును. 1839 నవంబరున సముద్రము పొంగి సమీపమునందలి కోరంగి రేవుపట్టణమును ముంచినప్పుడు యానామును వినాశము పాలైనది. అంతకు ముందే, 1828లో, ఇచ్చటనుండి తెలుగు కూలీలను ఓడనెక్కించి హిందూమహాసముద్రమునందలి బూర్బను దీవికి చెఱకుతోటల పనికై కొనిపోయిరి. ఆ దీవియే నేటి రియూనియన్.

ఈ చిన్న ఊరియొద్దకు కోనసీమనుండి పడవలు కట్టుకొని పెండ్లివారు తరలిపోయిన దినములును కలవు. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1930 ఏప్రిలున అమలులోనికి రాగా, అది ఫ్రెంచి గట్టున చెల్లదు గనుక, పసిపిల్లలను చంకనెత్తుకొని ఏరు దాటి మంగళసూత్రము కట్టించి తీసికొనివచ్చిరి. ‘కల్యాణపురము’ అని యానామునకు పేరు వచ్చినది అందువలననే. వినుటకు ఇంపైన ఆ పేరు వెనుక ఎందఱు బాలికల బ్రతుకులు నలిగినవో తలచుకొన్నచో మనస్సు కలుక్కుమనును.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున విమోచనవాదులు యానాము ప్రభుత్వభవనమును వశపఱచుకొనిరి; నవంబరు 1న పరిపాలన భారతదేశమునకు సంక్రమించినది; 1962 ఆగస్టు 16న అది చట్టరీత్యా స్థిరపడినది. 2011 నాటికి ప్రజలు 55,626 మంది. రేవు దాటించు పంటుల స్థానమున లోక్‌సభ సభాపతిగా నుండిన బాలయోగి పేర వారధి నిలిచినది.

తాలూకా చరిత్రలు వ్రాయువారు ఏటిగట్టునొద్దనే కలము నిలుపుటవలన ఈ కథ రెండు గట్టులకును చెందనిదైపోయినది. కోనసీమ లోగిళ్ళలో పాతపెట్టెల అడుగున యానాము ముద్రగల దస్తావేజు గాని, పెండ్లికాగితము గాని, ఓటర్ల జాబితా గాని ఉన్నవారు దానిని చెదలకు విడువక భద్రపఱుపవలెనని ప్రార్థించుచున్నాను.