"ఏం భయం లేదు" అన్న లాయరు

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది ఒక్క ప్రశ్న గురించే. పోలీసు రాసిన కేసుకీ, మన వీసాకీ సంబంధం ఏంటి?

అమెరికాలో రోడ్డు మీద కేసు రాసేది రాష్ట్రం చట్టం కింద. దేశంలో ఉండనివ్వాలా, పంపించెయ్యాలా అనేది కేంద్రం చట్టం. అందుకే "అది వేరు, ఇది వేరు" అనుకుంటాం. చరిత్ర అలా లేదు.

1917 ఇమిగ్రేషన్ చట్టంలో ఒక అడ్డుకట్ట ఉండేది. శిక్ష వేసిన జడ్జి ముప్పై రోజుల లోపల "ఈ మనిషిని పంపొద్దు" అని సిఫారసు రాస్తే, దానికి తిరుగుండేది కాదు. 1952లో దాన్ని కుదించారు, 1990లో పూర్తిగా ఎత్తేశారు. 1996లో అటార్నీ జనరల్ దయ చూపే వీలు కూడా చాలావరకు పోయింది. ఇక మిగిలింది లాయరు సలహా ఒక్కటే.

ఆ సలహా ఎంత ఖరీదైనదో పడియా కేసు చెప్పింది. ఆయన హోండురాస్‌లో పుట్టినవాడు, నలభై ఏళ్లకు పైగా గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. ట్రక్కు డ్రైవరు. కెంటకీలో ఆయన ట్రక్కులో గంజాయి దొరికింది. ట్రక్కుకి రోడ్డు పన్ను నంబరు లేదని ఇంకో కేసు కూడా పెట్టారు. "ఇన్నేళ్లుగా ఇక్కడున్నావు, ఇమిగ్రేషన్ గురించి దిగులు పడక్కర్లేదు" అన్నాడు లాయరు. ఆ మాట నమ్మి తప్పు ఒప్పేసుకున్నాడు. నిజానికి ఆ ఒప్పుకోలుతో దేశం నుంచి పంపించడం దాదాపు ఖాయమైపోయింది.

2010 మార్చి 31న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏడుగురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. నేరం ఒప్పుకుంటే దేశం వదలాల్సి వస్తుందా లేదా అన్నది లాయరు తన క్లయింటుకి చెప్పి తీరాలి, చట్టం స్పష్టంగా లేని చోట కనీసం ప్రమాదం ఉందనైనా చెప్పాలి అంది. కానీ ఈ తీర్పుకి ముందే ముగిసిపోయిన కేసులకి ఇది వర్తించదని 2013లో అదే కోర్టు తేల్చింది. అప్పటికే నష్టపోయినవాళ్లకి ఆ దారీ లేకుండా పోయింది.

ఇక మనకి దగ్గరి సంగతి, తాగి నడపడం. టెక్సాస్‌లో మొదటిసారైనా అది క్రిమినల్ నేరమే, జైలు శిక్ష ఉంది. న్యూజెర్సీలో ట్రాఫిక్ తప్పు కింద లెక్క. "ట్రాఫిక్కే కదా" అని ఊరుకోవద్దు. 2015 నవంబరు నుంచి, ఐదేళ్ల లోపు ఇలాంటి అరెస్టు ఉంటే చాలు, కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేసే వీలు కాన్సులేట్లకి ఉంది. వీసా స్టాంపు రద్దయినంత మాత్రాన వెంటనే దేశం వదలాలని కాదు. కానీ అమ్మ బాగాలేదని ఊరెళ్తే, తిరిగి రావడానికి మళ్లీ స్టాంపింగుకి నిలబడాలి.

స్లాబ్ పోయకముందే స్టీలు చెక్ చేసుకుంటాం కదా, ఇదీ అంతే. కోర్టులో "ఒప్పుకుంటున్నా" అనే ముందే మీ లాయర్ని అడగండి: "దీనివల్ల నా వీసా ఏమవుతుంది?" తెలియదంటే, ఇమిగ్రేషన్ లాయర్ని కనుక్కుని చెప్పమనండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. సంతకం ఆ తర్వాతే.