దేశాభిమానం నుంచి దేశం జారిపోయింది

నరసాపురం నుంచి పేరుపాలెం బీచ్‌కి బయల్దేరినవాళ్లు మొగల్తూరు రాగానే ‘చిరంజీవిది ఈ ఊరే’ అంటారు. బండిలో కాస్త వయసు మళ్లినవాళ్లుంటే ‘ముందు కృష్ణంరాజుది’ అని సర్దుతారు. ఈ ఊళ్లో ‘అభిమానం’ అన్న మాటకి అర్థం చెప్పక్కర్లేదు. సంఘం, బ్యానరు, రిలీజు రోజున కటౌటుకి పాలాభిషేకం.

వందేళ్ల కిందట ఈ మాటకి ముందు ‘దేశం’ ఉండేది. దేశాభిమానం. ‘దేశాభిమాని’ పేరుతో తెలుగులో పత్రికే నడిచింది. అభిమానమంటే ఇష్టం ఒక్కటే కాదు, పౌరుషం కూడా. అప్పు అడగాల్సొస్తే ‘అభిమానం చంపుకుని వెళ్లాను’ అంటామే, ఆ అభిమానం. ‘దేశభక్తి’లోని భక్తికి ఆ పొగరు లేదు. అది చేతులు జోడిస్తుంది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెనిగించి వినిపించారు. ఆ వేడిలోనే వందేమాతరం బ్యాడ్జీల గొడవ రేగి, ట్రైనింగు కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్లగొట్టారు. కుర్రాళ్లు చొక్కాకి గుచ్చుకున్న ఆ చిన్న బిళ్లని భక్తి అనడానికి నాకు మనసొప్పదు. అది అచ్చంగా అభిమానం.

గురజాడ గేయం 1913లో కృష్ణా పత్రికలో వచ్చింది. పేరేమో ‘దేశభక్తి’. లోపల ఆయన అడిగింది ప్రేమ. దేశాభిమానం ఉందని ఊరికే గొప్పలు పోయేవాళ్లకి చురక కూడా అందులోనే అంటించారు. అంటే అప్పటికే ఆ మాటని వేదికలెక్కి అరగదీసేవాళ్లు తయారయ్యారన్నమాట! తర్వాత గేయం పేరే జనం నోట నిలిచింది. ఒంటరిగా మిగిలిన అభిమానం సినిమా హాలు దారి పట్టింది.

తమాషా ఏమిటంటే, మొగల్తూరు హీరోలిద్దరూ చరిత్ర వేషాలు కట్టారు. 1986లో కృష్ణంరాజు తాండ్ర పాపారాయుడు. 1757లో బొబ్బిలి కోట కూలాక పాపారాయుడు విజయనగరం రాజుని చంపింది మనం ఇప్పుడు అనుకునే దేశం కోసం కాదు. బొబ్బిలి పరువు కోసం. అప్పటి ‘దేశం’ కోట చుట్టూ ఉన్న సీమ అంతే. 2019 అక్టోబరు 2న చిరంజీవి ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగా వచ్చారు. పాలెగాళ్లకిచ్చే తవర్జీ (భరణం), మాన్యాల తగాదాతో 1846లో కుంఫిణీ మీద తిరగబడి, మరుసటేడు ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కినవాడు. అతనిదీ ముందు అభిమానమే. దేశభక్తి అన్న పేరు మనం తర్వాత తగిలించాం.

ఆ సినిమా వచ్చిన రోజున హాళ్ల ముందు హారతులు పట్టారు. రేనాటి వీరుడు నరసింహారెడ్డికా, మొగల్తూరువాడికా అని అడిగితే కొబ్బరికాయ కొట్టే కుర్రాడు విసుక్కుంటాడు: ‘బాసుకండీ, ఇంకెవరికి?’