తగరపు గనిలో మృత శ్రామికులు: ‘ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్’ పరిశీలన

జాన్ గిల్లింగ్ దర్శకత్వంలో హామర్ సంస్థ 1966లో విడుదల చేసిన ‘ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్’ను తరచూ 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కు పూర్వరంగంగానే పేర్కొంటారు. సమాధుల నుంచి శవాలు లేచే స్వప్నదృశ్యం అందుకు కారణం. లేచిన శవాలు ఏం చేస్తాయన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడవి మనుషులను తినవు, గని తవ్వుతాయి.

కథాకాలం 1860, స్థలం ఇంగ్లండులోని కార్న్‌వాల్. హైతీలో గడిపి వచ్చిన భూస్వామి హామిల్టన్ గ్రామస్థులను వూడూ తంత్రంతో చంపి, లేపి, మూతపడిన తగరపు గనిలో పనిచేయిస్తాడు. కూలి లేదు, ఎదురుమాట లేదు. వెట్టిచాకిరీ చేసే మనిషికి చావైనా విడుదల. వీరికి అదీ లేదు.

హైతీ జానపద విశ్వాసంలోని జాంబీ భయం సరిగ్గా ఇదే. ఫ్రెంచివారి చెరకుతోటల్లో బానిసలై, పోరాడి 1804లో స్వతంత్రులైన ఆ ప్రజలు శవానికి భయపడలేదు. చచ్చాక కూడా యజమానికి చిక్కుతామేమోనని భయపడ్డారు. అమెరికా హైతీని ఆక్రమించిన కాలంలో (1915-34) వచ్చిన ‘వైట్ జాంబీ’ (1932) చక్కెర మిల్లు దృశ్యాల్లో ఆ అర్థం నిలిచే ఉంది. గిల్లింగ్ దాన్ని ఆంగ్ల గ్రామానికే తెచ్చాడు.

అయితే ఒక దాటవేత ఉంది. తోటల యజమానుల నేరం తెరమీద హైతీ ప్రజల క్షుద్రవిద్యగా మారింది. వూడూను ‘చేతబడి’ అని అనువదించే మనమూ అదే పొరపాటు చేస్తున్నాం. అది పూర్వికులను, దైవశక్తులను కొలిచే మతం. గనిలో డోళ్లు వాయించే నల్లజాతివారి కథను చిత్రం పట్టించుకోదు. చివరికి మంత్రించిన బొమ్మలు తగలబడగా, మృత శ్రామికులూ మండుతూ యజమాని మీదికే తిరగబడతారు.