పీసీఐ పరికర గుర్తింపు సంఖ్య

పీసీఐ పరికర గుర్తింపు సంఖ్య అనగా మదర్‌బోర్డు స్లాటులో అమర్చిన కార్డు ఏదో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిపే సంకేతం. పీసీఐని ఇంటెల్ సంస్థ 1992లో ప్రవేశపెట్టింది. ప్రతి కార్డుకు తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య అని 16 బిట్ల సంఖ్యలు రెండుంటాయి. ఇంటెల్ తన పాత ప్రాసెసరు పేరైన 8086నే తయారీదారు సంఖ్యగా ఉంచుకోవడం ఒక చమత్కారం.

నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో పాత కంప్యూటరు కొన్నవారికి డ్రైవరు సీడీ దొరకకపోవచ్చు. అట్టివారు అట్టపెట్టెపై పేరును నమ్మరాదు; కార్డు అమ్మిన సంస్థ వేరు, చిప్పు చేసిన సంస్థ వేరు కావచ్చు. విండోస్ డివైస్ మేనేజరులో పసుపు గుర్తున్న పరికరపు ప్రాపర్టీస్ తెరచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడవలెను. అందులో 'వెన్' తరువాత 10ఈసీ, 'డెవ్' తరువాత 8139 ఉంటే అది రియల్‌టెక్ నెట్‌వర్కు కార్డు. దాని డ్రైవరే లేనప్పుడు అంతర్జాలమూ అందదు కనుక, మరొక కంప్యూటరులో దింపుకొని పెన్ డ్రైవులో తెచ్చుకోవలసి ఉంటుంది.