ఝౌ వంతెన కడ చిరుతిండ్లు: ఒక నగరపతనము, ఒక జ్ఞాపకము

వీథిలో నమ్ముడుపోవు తినుబండారములకు శాసనములు లేవు. దేవుని నిత్యనైవేద్యమునకై రాజు విడిచిన బియ్యము తూములతో సహా రాతిమీద చెక్కబడియుండును గాని, ఆ గుడివాకిట నటుకులమ్మిన ముసలిదాని బేరము నెవ్వరును చెక్కింపలేదు. అందుచేతనే పూర్వనగరముల చరిత్రము వ్రాయువారికి కోటగోడల కొలతలు దొరకినంత సులభముగా నా గోడలలోపలి సామాన్యుడు చీకటిపడిన పిమ్మట నేమి తినెనో దొరకదు. దొరకిన చోట్లు మిక్కిలి తక్కువ. వానిలో నొకటి చైనాదేశమున పండ్రెండవ శతాబ్దిలో వెలసిన గ్రంథము. దానిని వ్రాసినవాడు మెంగ్ యువాన్‌లావో. గ్రంథనామము ‘డోంగ్‌జింగ్ మెంగ్ హువా లూ’, అనగా తూర్పు రాజధాని స్వప్నవైభవ వృత్తాంతము. ఆ తూర్పు రాజధాని సోంగ్ చక్రవర్తుల కైఫెంగ్ నగరము.

ఈ గ్రంథమునందలి విశేషము తెలియుటకు దానికి ముందటి స్థితి కొంత చెప్పవలయును. తాంగ్ వంశపు రాజధానియైన చాంగాన్ నగరమున ప్రజలు గోడలు కట్టిన పేటలలో నివసించిరి. సాయంకాలపు భేరి మ్రోగినంతనే పేటద్వారములు మూతపడుచుండెను. క్రయవిక్రయములకు తూర్పున నొకటి, పడమట నొకటి రెండంగళ్లు నిర్ణీతములు. అవి మధ్యాహ్నమున మున్నూరు భేరీఘాతములతో తెరువబడి, సూర్యాస్తమయమునకు ముందే మూయబడుచుండెను. రాత్రివేళ వీథిలో తిరుగుటయే నేరమైన నగరమున రాత్రిభోజనపు టంగడి యెట్లుండును? సోంగ్ వంశస్థాపకుడు 965వ సంవత్సరమున కైఫెంగ్ అధికారులకు, మూడవజామువరకు రాత్రి యంగళ్లను నిషేధింపరాదని యాజ్ఞ యిచ్చెను. చీనులు రాత్రిని ఐదు భాగములు చేయుదురు గాన వారి మూడవజాము మనకు నడురేయి. ఈ యొక్క యాజ్ఞచే నగరజీవనము సగము పెరిగినదనుట యతిశయోక్తి గాదు.

మెంగ్ యువాన్‌లావో 1103లో తండ్రివెంట కైఫెంగ్ చేరి, నగరపు పడమటి భాగమున నిరువదినాలుగేండ్లు కాపురముండెను. అతడు వర్ణించిన స్థలములలో ఝౌ వంతెన ముఖ్యము. రాజవీథి కాలువను దాటుచోట నుండిన యీ వంతెన మొదలుకొని దక్షిణముగా ఎఱ్ఱపక్షి ద్వారముమీదుగా లోంగ్‌జిన్ వంతెన వరకు రాత్రి యంగడి సాగుచుండెను. మాంసము పేరు వినుటకే యిష్టపడని పాఠకులు క్షమింతురు గాక! అచట పెద్దబాతులు, బాతులు, కోళ్లు, కుందేళ్లు, వాని పొట్టలు, ఊపిరితిత్తులు, మలుగుచేపలు, కోడితోళ్లు అమ్మబడుచుండెను. నక్కమాంసము సైతము గలదు. ఒక్కొక్కటి 15 కాసులకు మించదు. నీరుకలిపిన యన్నము, కాల్చిన మాంసము వేరు. వేసవిలో మంచుతో చల్లబరచిన అతిమధుర పానీయము, చక్కెర కలిపిన చల్లని పిండియుండలు. చలికాలమున నప్పటికప్పుడు నిప్పులపై కాల్చిన పందితోలు, అడవిబాతు మాంసము. వీని కన్నింటికిని కలిపి ప్రజలు పెట్టిన పేరునకు నానావిధములైన నములుడు వస్తువులని యర్థము. మన ‘చిరుతిండి’ యను మాట దానికి చక్కగా సరిపోవును. ఈ యమ్మకము మూడవజామువరకు సాగును.

మాషింగ్ వీథి యింతకంటె గొప్పది. అచటి యంగళ్లు మూడవజామున ముగిసి, అయిదవజామున మరల తెరచుకొనును. మంచు కురిసినను, గాలివాన వచ్చినను మానవు. ఆలస్యముగా నిల్లు చేరు నుద్యోగులకొఱకు నడురేయి దాటినతర్వాత తేనీటిపాత్రలు మోసికొని తిరుగువారు నుండిరి. ఆ కాలపు వాడే యైన త్సాయ్ తావో, ఈ వీథిలో దోమలు లేవనియు, దీపపు నూనె పొగయే దానికి కారణమనియు వ్రాసినాడు. దోమలకు చమురు సరిపడదను నతని శాస్త్రము మాట యెట్లున్నను, తెల్లవారుజాము దాక నెన్ని దీపములు వెలిగినవో యీ మాటచే తెలియుచున్నది.

భోజనశాలలో వడ్డించువాని నైపుణ్యమును మెంగ్ మిక్కిలి ప్రేమతో వర్ణించెను. వాడు ఎడమచేత మూడు గిన్నెలు పట్టి, కుడిచేయి మొదలు భుజముదాక నించుమించు నిరువది గిన్నెలు పేర్చుకొని, ఎవరడిగినది వారిముందు తప్పక పెట్టుచుండెను. ఒక్కటి తారుమారైనను గిరాకీ యజమానునితో చెప్పును. యజమానుడు వానిని తిట్టును, జీతము కోయును, లేదా పనినుండి తీసివేయును. వ్యాపారము చేసికొను కుటుంబములు పెక్కు లింటివంట మాని అంగడినుండియే తెచ్చుకొని తినెడివట. ఝాంగ్ జెదువాన్ అను చిత్రకారుడు నదీతీరపు జనసమ్మర్దమును చిత్రించిన యైదు మీటరుల పైచిలుకు పొడవుగల ప్రసిద్ధ పటమునందును తినుబండారపు దుకాణము లనేకములు కలవు.

ఇంతవరకు చదివిన పాఠకుడు దీనిని సుఖజీవియైన రసికుని వర్ణనమనుకొనును. కాని యీ పుస్తకము వ్రాయబడునాటికి వర్ణింపబడిన నగరము సోంగ్ ప్రజలకు లేదు. జుర్చెన్ జాతివారు కైఫెంగ్‌ను ముట్టడించి 1127 ఆరంభమున లోబరచుకొని, చక్రవర్తిని, అతని తండ్రిని బంధించి ఉత్తరమునకు గొనిపోయిరి. ఆ యేటనే మెంగ్ నగరము విడిచి దక్షిణమునకు వచ్చెను. పీఠిక వ్రాసినది 1147లో, అనగా నిరువదియేండ్ల తరువాత. కుఱ్ఱవాండ్రు రాజధానిని గూర్చి మాటలాడునపుడు తప్పులు చెప్పుచుండుటయు, కాలము గడచినకొలది సత్యము పోవునను భయమును తన్నీ రచనకు పురికొల్పినవని యతడు చెప్పికొన్నాడు. పసుపు చక్రవర్తి పగటినిద్రలో హువాషూ యను ఆనందరాజ్యమును దర్శించెనని చీనుల పురాణగాథ; మేలుకొన్న తనకు కైఫెంగ్ అట్టి స్వప్నమని గ్రంథనామమున సూచించినాడు. తన భాష మోటుగా నుండుటకు కారణము పెద్దలు పిన్నలు నందఱును గ్రహించుటకే యనియు పీఠికలో నున్నది. భాషావిషయమై మన దేశమున జరిగిన వాదములను తలచుకొన్నవారి కీ వాక్యము చిఱునవ్వు తెప్పింపక మానదు.

ఇచట విమర్శకుడు గమనింపవలసిన దొకటి కలదు. 1127లో నగరము విడిచిన మెంగ్ ఆ చలికాలపు ముట్టడిని, నగరము పడిన యాకలిని చూచియే యుండవలెను. గ్రంథమునం దా యాకలి ప్రసక్తియే లేదు. పీఠికలో నొక్కమాటగా యుద్ధము తగిలి పోవును. తక్కినదంతయు పండుగలు, వంతెనలు, అంగళ్లు, గిన్నెలు. కొందఱు దీనిని చరిత్రకారుని లోపముగా నెంతురు. నాకట్లు తోపదు. పదునైదు కాసులకు కోడిమాంసము దొరకిన రాత్రిని ధరతో సహా జ్ఞాపకముంచుకొన్నవాడు దొరకని రాత్రులను మరచెనని యెట్లు నమ్ముదుము? అతని పట్టికయే యతని యేడ్పు. అయినను, అందఱును తృప్తిగా తిన్న నగరమని యాతని మాటను యథాతథముగా నమ్మరాదు. ఏ దుకాణ మే వంతెనకడ నుండెనో చెప్పినపుడు అతడు మంచి సాక్షి. ఎవరు పస్తుండిరో చెప్పుటకు సాక్షి కాడు.

కైఫెంగ్ పోయిన పిమ్మట రాజకుమారుడు గావోజోంగ్ దక్షిణమున సింహాసనమెక్కి, 1138లో హాంగ్‌ఝౌను రాజధానిగా స్థిరపరచెను. అయినను దానికి రాజధాని యను పేరు పెట్టలేదు. ‘ప్రభువు విడిది చేసిన చోటు’ అనియే వ్యవహరించిరి. నిజమైన రాజధాని కైఫెంగ్, ఇది దారిలోని మజిలీ యని భావము. ఈ మజిలీకి లక్షలాది యుత్తరదేశీయులు చేరిరి. 1235 నాటి యొక గ్రంథము హాంగ్‌ఝౌలోని భోజనశాలలు పెక్కు పాత రాజధానివారు తెరచినవే యని చెప్పుచున్నది. కేకవేసి యమ్మువారు కైఫెంగ్ వీథులలోని పాత కేకలనే రాగయుక్తముగా ననుకరించిరట. ఎన్నడును కైఫెంగ్ చూడని పిల్లలు కూడ నా కేకలకే పరుగెత్తి యుందురు. గావోజోంగ్ స్వయముగా నంగళ్లనుండి తినుబండారములు తెప్పించుకొను నలవాటు కలవాడగుటచే అమ్మువారు గిన్నెలను బండ్లను శుభ్రముగా నుంచెడివారని వూ జిమూ యను గ్రంథకర్త వ్రాసెను.

ఈ రాజు తిన్న యొక చేపపులుసు కథ సుప్రసిద్ధము. 1179 వసంతమున, సింహాసనము విడిచి పదునేడేండ్లైన గావోజోంగ్ పశ్చిమసరస్సుపై పడవలో విహరించుచుండగా నొక ముసలిది చేపపులుసు అమ్ముచు కనబడెను. సోంగువారి యైదవ వదినె యని యామెను జనులు పిలుచుచుండిరి. ఆమె, తాను తూర్పు రాజధానిదాననియు, ప్రభువుల వెంట నిచటికి వచ్చితిననియు విన్నవించెను. ఆయన యామెను పడవమీదికి పిలిపించి, వార్ధక్యమును తలచి, పది బంగారు నాణెములు, నూరు వెండి నాణెములు, పది తానుల పట్టు ఇప్పించెను. పిమ్మట జనులా పులుసునకు విరుగబడి కొనుటచే నామె ధనవంతురాలయ్యెనని ఝౌ మీ యను గ్రంథకర్త తెలిపినాడు.

అప్పటి కాయనకు డెబ్బదియేండ్లు దాటినవి. కైఫెంగ్ విడుచునాటికి ఇరువది నిండలేదు. ఆ ముసలిదానికిని, ఆ ముసలిరాజునకును మధ్య నేబది యేండ్లుగా చెప్పుకొనని మాట యొకటి యా గిన్నెలో నుండినది. ఈ కథను చెప్పువారు సాధారణముగా రాజు దయను పొగడుదురు. నే నంత తొందరపడను. 1141 నాటి సంధిలో హ్వాయ్ నదికి ఉత్తరభూమి నంతటిని, కైఫెంగ్‌తో సహా, శత్రువునకు విడిచిపెట్టినవా డీయనయే. నగరమును మరల గెలువవలెనన్న సేనాని యో ఫెయ్ ఆ సంధికాలముననే చెఱసాలలో చంపబడినాడు. కోల్పోయిన యూరి పులుసునకు పట్టుతానులిచ్చుట సులభము. కాని యా ముసలిది సంధి చేయలేదు, యుద్ధమును చేయలేదు. పొయ్యి మాత్రము వెంట తెచ్చుకొన్నది. గౌరవింపదగినది ఆమెయే.

ఇక వూ జిమూ చెప్పిన మరియొక మాట. పూర్వము కైఫెంగ్‌లో దక్షిణదేశపు పెద్దమనుష్యులకు ఉత్తరపు వంట సరిపడదని వారికొఱకు ప్రత్యేకముగా దక్షిణపు వంటశాలలు నుండెడివట. ప్రజలు దక్షిణమునకు దాటివచ్చి యించుమించు రెండువందలేండ్లగుటచే నీటికి నేలకు నలవాటుపడి, వంటలు కలిసిపోయి, ఉత్తరదక్షిణ భేదమే లేకుండ పోయినదని యతడు వ్రాసెను. ఫిర్యాదుగా వ్రాయలేదు, సంతోషముగాను వ్రాయలేదు. రుచి జ్ఞాపకముగా నుండుట దానిని మొదట తిన్నవారు బ్రదికియున్నంతవరకే. మనుమల కది ఇంటివంట. అతని గ్రంథమునకును స్వప్నమే పేరు. సత్రములో పూటకూలివాడు జొన్నవంటి ధాన్య ముడికించునంతలో నొక యువకుడు కునుకుతీసి, జన్మమంతయు కలగని మేలుకొనునప్పటికి ఆ వంట యింకను కాలేదను కథనుండి యా పేరు వచ్చినది. హాంగ్‌ఝౌ 1276లో మంగోలుల వశమయ్యెను. ఝౌ మీ యా పిమ్మట దానిని తలచుకొని, మెంగ్ వలెనే, అంగళ్ల పేళ్లు వరుసగా వ్రాసి పెట్టెను.

ఆ హాంగ్‌ఝౌనే మార్కో పోలో ‘క్విన్సాయ్’ అని వర్ణించినాడు. ‘విడిది చేసిన చోటు’ అను చీనా పదమే యా పేరునకు మూలమని పలువురు పండితుల మతము. ఆ యాత్రికుని గ్రంథముననే మన మోటుపల్లి రేవును, దానినేలిన వివేకవతియైన రాణియు వర్ణితములు. ఆ రాణి రుద్రమదేవి యని చరిత్రకారు లెఱుగుదురు. ఆమె వంశపు రాజధాని యోరుగల్లు 1323లో పడిపోయినది. ఆ నగరమును తరువాతి తరమువారి కొఱకు నిలిపినది మరల నొక పూటకూటి యిల్లు! క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు నోరుగంటి వీథులలో తిరుగుచు నొక్క రూకకు పిండివంటలతో, పండ్లతో, నేతితో కూడిన భోజనము చేయుదురు. గ్రంథకర్త యెవరనుటలో పండితులకు వివాదము కలదు గాని, ధర విషయమున లేదు. దృశ్యకావ్యభేదములలో నది ‘వీథి’ యగుట కాకతాళీయమైనను ముచ్చటగా నున్నది. మెంగ్ వలెనే యీ కవియు నగరము పడిపోయినదని యెచ్చటను వాపోవడు. నగరము నిండుగా నున్నట్లే, పొయ్యి మండుచున్నట్లే వ్రాసినాడు.

ఝౌ వంతెనయున్న చోటు 1642లో గట్టు తెగిన పసుపునది బురదలో పూడిపోయినది. 2018లో మొదలైన త్రవ్వకములలో మింగ్ వంశకాలపు వంతెనయు, దాని ప్రక్క కాలువగట్లపై సోంగ్ కాలపు రాతిచెక్కడములును బయటపడినవి. మెంగ్ నిలుచుండి తిన్న నేల నేటి వీథికి చాల క్రిందుగా నున్నది. పైన కైఫెంగ్ వాసులు నేటికిని భేరీమండపముకడ రాత్రి యంగడి పెట్టుదురు. హాంగ్‌ఝౌ భోజనశాలలలో సోంగు వదినె చేపపులుసు ఆ పేరుతోనే యమ్ముచున్నారు. అది యిపు డా యూరి వంట.