ముప్పై పంచాంగాల దేశం

భారతీయుల సంస్కృతి, వైవిధ్యం గురించి ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంపాదకవర్గం వారు కోరారు. భాషలు, వేషాలు, వంటకాల గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. సర్వీసంతా ఫైళ్ళ మీద తేదీలు వేస్తూ గడిపినవాణ్ణి కనుక నేను తేదీల గురించే వ్రాస్తాను.

1952లో కేంద్ర ప్రభుత్వం ప్రసిద్ధ శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని నియమించింది. దేశంలో 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయని, అవి పూర్వపు రాజకీయ విభజనల గుర్తులని నెహ్రూగారు ఆ సంఘానికి పంపిన సందేశంలో పేర్కొన్నారు. నిజమే గాని, అవి ఒక్క రాజులు పెట్టినవే కావు. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదివారికి పౌర్ణమితో. అందుకే కృష్ణాష్టమి మనకు శ్రావణంలో, వారికి భాద్రపదంలో వస్తుంది. పండుగ రోజు ఒక్కటే, నెల పేరు వేరు! తమిళులు, మలయాళీలు, బెంగాలీలు సూర్యుణ్ణి బట్టి నెలలు లెక్కిస్తారు. గుజరాతీలకు దీపావళి మరునాడు కొత్త సంవత్సరం. హిజ్రీ సంవత్సరం పూర్తిగా చంద్రుని లెక్క కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

రెవిన్యూ శాఖ మిత్రులకు ఫసలీ సంగతి చెప్పనక్కరలేదు. పంట చేతికొచ్చే కాలానికి శిస్తు లెక్క కుదిరేలా అక్బరు కాలంలో వచ్చిన పద్ధతి అది. 1400 ఫసలీ అంటే 1990 జులై నుండి 1991 జూన్ వరకు. నిజాం రాజ్యంలోని పాత కాగితాలు చూసినవారికి ఆజూర్, బహమన్, ఖుర్దాద్ వంటి పారశీక నెలల పేర్లు కూడా పరిచయమే.

సాహా సంఘం మరో లోపాన్ని ఎత్తిచూపింది. మన సిద్ధాంతాల సంవత్సరం ఋతువుల సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు ఎక్కువ. ఆ కాస్త తేడాయే 1400 ఏళ్ళలో 23 రోజులైంది. ఉత్తరాయణం ఆకాశంలో డిసెంబరు 22 ప్రాంతంలోనే మొదలవుతున్నా, మనం సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో చేసుకుంటున్నాము. దీన్ని సరిచేసిన శక సంవత్సరాన్ని 1957 మార్చి 22న, అనగా శక 1879 చైత్రం 1న, ప్రభుత్వం అమలులోకి తెచ్చింది. అప్పటికి సాహాగారు లేరు, 1956 ఫిబ్రవరిలోనే మరణించారు.

విచిత్రమేమంటే, మన రాజ్యాంగ ప్రవేశిక హిందీ ప్రతిలో 1949 నవంబరు 26 పక్కన ఉన్న తిథి విక్రమ శకానిది: మార్గశీర్ష శుక్ల సప్తమి, 2006. అధికార పంచాంగం మాత్రం శాలివాహన శకమైంది. గెజిట్ మీద ఆ తేదీ వేస్తారు. ఇళ్ళలో మాత్రం ఎవరి సిద్ధాంతిగారి పంచాంగం వారిదే. పండుగ నేడా, రేపా అన్న తగవు ఏటా ఉన్నదే.

నాకు ఇందులో తప్పు కనబడదు. నాకు బాధ కలిగించేది వేరొకటి. మా తరంలో చాలామందికి బడిలో చేర్చిన మాస్టారే జులై 1 అని పుట్టినతేదీ వేశారు. నిబంధన ప్రకారం 1వ తేదీన పుట్టినవారు ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతారు కనుక, జూన్ 30న ఎన్ని వీడ్కోలు సభలు జరిగాయో మీకు తెలుసు! కేంద్ర పెన్షనర్లకు 80 నిండితే వచ్చే 20 శాతం అదనపు పెన్షన్ కూడా ఆ తేదీనిబట్టే. అమ్మమ్మ చెప్పిన "విరోధి నామ సంవత్సరం, మార్గశిరం, వడ్లు నూర్చే రోజులు" అన్న మాట ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. విరోధిలో పుట్టినవారికి అరవై ఏళ్ళకు, 2009-10లో, ఆ సంవత్సరం మళ్ళీ వచ్చింది. షష్టిపూర్తికి పిల్లలు ముహూర్తం అడిగితే, తిథి చెప్పేవారు చాలా ఇళ్ళలో మిగలలేదు.

అసలు తేదీ తెలిస్తే తిథిని ఇప్పుడైనా లెక్కకట్టవచ్చు. బడిలో వేసిన తేదీతో అది కుదరదు. ఇంట్లో తొంభై దాటిన పెద్దలుంటే, ఈ సంచిక మూసేలోగా ఒకసారి అడిగి వ్రాసిపెట్టుకోండి.