రాజవైద్యుడు నిలిపిన ధర్మచక్రం

ఎప్‌సెట్ (ఒకప్పటి ఎంసెట్) ఫలితాలు వచ్చిన వారంలో సూర్యాపేటలో ఏ కూడలిలో నిలబడ్డా ఫ్లెక్సీలే కనిపిస్తాయి. ఒక్కో దాంట్లో పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరసగా, కింద పేరు, పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ర్యాంకు. కోదాడ బస్టాండు దగ్గరా అంతే, మిర్యాలగూడలో సాగర్ రోడ్డు మీదా అంతే. ఆ ఫొటోల్లో లేని పిల్లలు కూడా రోజూ ఆ దారినే నడుస్తారు, తలెత్తి చూస్తారు. ఇంటికెళ్లాక ఎదురయ్యే మొదటి ప్రశ్న వాళ్లకు ముందే తెలుసు: "పక్కింటి పిల్లకు ఎంతొచ్చింది?"

సూర్యాపేట నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, పాము పడగలా కనిపించే గుట్ట మీద, పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక వైద్యుడు ధర్మచక్రం నిలిపాడు. ఆ గుట్ట ఫణిగిరి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో, రాజుగారి ప్రధాన వైద్యుడు ఆ చక్రాన్ని నెలకొల్పినట్టు అక్కడ దొరికిన శాసనం చెబుతోంది. రోగుల నాడి చూసే మనిషి బుద్ధుని చక్రాన్ని ఎందుకు నిలిపాడన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. పోటీలో నలిగిపోతున్న ఈ మూడు పట్టణాల మనశ్శాంతి గురించి మాట్లాడాలంటే ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

సంత పక్కన వెలసిన విహారం

బౌద్ధం అనగానే అడవి, ఏకాంతం, లోకం విడిచిన సన్యాసి మనకు గుర్తుకొస్తారు. ఈ నేల మీద బౌద్ధం అలా బతకలేదు. ఫణిగిరి, దాని చుట్టుపక్కల గాజులబండ, వర్ధమానుకోట, తిరుమలగిరి, దక్షిణాన కృష్ణ ఒడ్డున ఏలేశ్వరం, నాగార్జునకొండ, కోదాడకు అటు నేలకొండపల్లి, ఇటు జగ్గయ్యపేట: ఇవన్నీ తీరానికీ పడమటి దక్కనుకూ మధ్య సరుకు నడిచిన నేల మీద పుట్టిన ఊళ్లు. 2024లో ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టి కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలున్నాయి, ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, స్తంభాల సభామండపం ఉన్న గుట్ట మీదే ఆ డబ్బూ ఉంది. లాభనష్టాలు, అప్పులు, పోటీ తెలిసిన మనుషులే ఆ మెట్లెక్కారు.

కట్టించినవాళ్లను చూసినా అదే కనిపిస్తుంది. నాగార్జునకొండ లోయలోని విజయపురిలో ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని సోదరి శాంతిశ్రీ మాత్రం తర్వాతి రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని పూర్తి చేయించింది. బోధిశ్రీ అనే ఉపాసిక చైత్యగృహాలూ మండపాలూ కట్టించింది. జగ్గయ్యపేటలో స్తూపానికి ఆయక స్తంభాలు నిలిపింది సిద్ధార్థుడనే శిల్పి. రాజమహలు ఆడవాళ్లు, గృహిణులు, చేతిపనివాళ్లు, వైద్యుడు ఈ బౌద్ధాన్ని పోషించారు. సంసారం విడిచిపెట్టకుండానే సంసారంలోని బాధకు మందు వెతికినవాళ్లు వీళ్లు.

రోగం, కారణం, మందు

ఫణిగిరి వైద్యుడికి బుద్ధుడు దగ్గరివాడుగా తోచడంలో వింత లేదు. నాలుగు ఆర్యసత్యాల వరస వైద్యుడి వరసే. రోగం ఉందని ఒప్పుకోవడం, దాని మూలం పట్టుకోవడం, నయమవుతుందని తెలుసుకోవడం, చికిత్స పాటించడం. బౌద్ధ గ్రంథాలు బుద్ధుణ్ణి మహావైద్యుడని పిలవడం కూడా అందుకే.

పోటీ తెచ్చే దుఃఖానికి బౌద్ధం విడిగా ఒక పేరు పెట్టింది: మానం. తెలుగులో మానమంటే గౌరవం, మర్యాద. పాళీలో దాని అర్థం వేరు, మనిషి తనను మరొకరితో కొలుచుకునే అలవాటు అది. నేను ఎక్కువ అనుకోవడం మానమే, నేను తక్కువ అని కుంగిపోవడమూ మానమే, చివరికి నేనూ వాడితో సమానమే అని లెక్క తేల్చుకోవడమూ మానమే. గెలిచినవాడికీ ఓడినవాడికీ ఒకే జబ్బు ఉండగలదన్న ఈ ఎరుక నాకు ఎంతో లోతైనదిగా కనిపిస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్ 1954లో సామాజిక పోలిక సిద్ధాంతం ప్రతిపాదించడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ పరిశీలన జరిగింది.

దీనికి విరుగుడుగా బౌద్ధం చెప్పిన గుణం ముదిత, ఎదుటివాడి మేలుకు మనసారా సంతోషించడం. మైత్రి, కరుణ, ఉపేక్షలతో కలిపి దాన్ని సాధన చేయాల్సిన గుణంగా చెప్పింది. పక్కింటి పిల్లకు మంచి ర్యాంకు వచ్చిందని వినగానే గుండెలో కలుక్కుమనడం సహజం. ఆ కలుక్కును గమనించి, సంతోషం వైపు మళ్లించడం నేర్చుకోవాల్సిన విద్య.

నాణేల వాన

ఈ భావాలు అప్పటి జనానికి పుస్తకాల్లో చేరలేదు, రాతి మీద చేరాయి. కోదాడ దాటి విజయవాడ దారిలో వెళితే వచ్చే జగ్గయ్యపేటలో స్తూపానికి తాపిన పలకల్లో ఒకటి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. క్రీస్తుకు పూర్వపు పని. నిలువు పలక నడుమ చక్రవర్తి నిలబడి ఉంటాడు, తల మీద గొడుగు. చుట్టూ సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, మంత్రి. అతను కుడిచెయ్యి పైకెత్తాడు. పైన మబ్బులోంచి చదరపు నాణేలు వానలా రాలుతున్నాయి. దగ్గరగా చూస్తే ఒక్కో నాణెం విడివిడిగా, చిన్న పలకలా చెక్కి ఉంటుంది. ఉలి పట్టినవాడికి నాణెం విలువ బాగా తెలుసు.

ఈ రాజును పండితులు మాంధాతగా గుర్తించారు. జాతక కథలో మాంధాత చెయ్యి ఆడిస్తే రత్నాల వాన కురిసేది. అది చాలలేదు. దేవలోకానికి వెళ్లాడు. ఇంద్రుడు తన రాజ్యంలో సగం ఇచ్చాడు. ఒక ఇంద్రుడి తర్వాత ఒక ఇంద్రుడు, ముప్పై ఆరుగురు మారేదాకా ఆ సగాన్ని అనుభవించాడు. అయినా సగమే కదా అన్న బాధ పోలేదు. ఇంద్రుణ్ణి చంపి మొత్తం తీసుకుందామన్న ఆలోచన వచ్చింది, దాంతోనే ముసలితనం వచ్చి పడింది. స్వర్గం నుంచి తన తోటలోకి జారిపడి, ఆశ తీరకుండానే కన్నుమూశాడు.

ఆ పలకలో రాజు పడిపోవడం లేదు, వాన మాత్రమే ఉంది. ప్రదక్షిణ చేస్తూ దాని ముందు ఆగిన వర్తకుడికి మొదట కలిగేది ఆశే. కథ తెలిసిన మనిషి పక్కన నిలబడి మిగతాది చెప్పినప్పుడే ఆ బొమ్మ మందుగా పనిచేస్తుంది. మన కూడళ్లలోని ఫ్లెక్సీలు కూడా వాన దగ్గరే ఆగిపోయాయి. వాటి ముందు నిలబడ్డ పిల్లకు మిగతా కథ చెప్పేవాళ్లు లేరు.

పాలకుడికి రాసిన లేఖ

దుఃఖం మనసులోనే పుడుతుందని చెప్పి ఊరుకుంటే బౌద్ధాన్ని సగమే చెప్పినట్టు. నాగార్జునకొండ ప్రాంతపు శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు చేసిన హితబోధగా 'సుహృల్లేఖ', 'రత్నావళి' ప్రసిద్ధం. రత్నావళిలో ఆయన కోరికను దురదతో పోలుస్తాడు, గోక్కుంటే హాయే కానీ అసలు దురదే లేకపోవడం అంతకన్నా హాయి అన్న అర్థంలో. అదే గ్రంథంలో రోగులకు, దిక్కులేనివాళ్లకు ఆసరా ఏర్పాటు చేయమనీ, ఖైదీలకు మందును, తిండిని, నీళ్లను అందించమనీ రాజుకు చెబుతాడు. మనసుకు ఒక మాట, రాజ్యానికి ఒక మాట. ఒకటి లేకుండా రెండోది చాలదని ఆయనకు తెలుసు.

నాలుగో శతాబ్దంలో ఇక్ష్వాకులు పోయారు, తర్వాత వర్తకం సన్నగిల్లింది, విహారాలు ఖాళీ అయ్యాయి. కాకతీయుల కాలానికి సూర్యాపేట పక్క పిల్లలమర్రిలో శివాలయాలు వెలిశాయి. నిజాం కాలంలో, 1940ల మొదట్లో, పురావస్తు శాఖ ఫణిగిరిని తవ్వింది. ఆ దశాబ్దంలోనే ఇదే నేల సాయుధ పోరాటానికి నెలవైంది. వెట్టి, లేవీ, దొరల పెత్తనం మీద 1946 నుంచి 1951 దాకా సూర్యాపేట, హుజూర్‌నగర్ ప్రాంతాల పల్లెలు పోరాడాయి. దుఃఖానికి కారణం భూమిలో, అధికారంలో కూడా ఉంటుందని అవి లోకానికి చెప్పాయి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో అంబేద్కర్ బౌద్ధం స్వీకరించినప్పుడు ఈ రెండు సత్యాలూ ఒక చోట కలిశాయి. ఆయనకు బౌద్ధం మనసు శుభ్రపరిచే దారి, కులం పెట్టిన నిచ్చెన మెట్లను కాదనే దారి కూడా. ర్యాంకుల జాబితా కొత్త నిచ్చెన. దాన్ని తాకకుండా పిల్లవాడికి ధ్యానం మాత్రమే నేర్పితే అంబేద్కర్‌నూ, నాగార్జునుణ్ణీ ఇద్దరినీ మరిచినట్టే.

లోయ మునిగింది, వరి పండింది

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది వేశారు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ దగ్గరలోని అనుపుకూ తరలించారు. శాంతిశ్రీ మహాచైత్యం కట్టించిన నేల నీళ్ల కిందికి వెళ్లింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపు మార్చేసింది. మెట్ట భూముల్లో రెండు పంటల వరి వచ్చింది. మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరాయి.

ఆ వరి డబ్బే తర్వాతి తరంలో చదువుల డబ్బయింది. బిడ్డ పొలంలోకి దిగకూడదన్న రైతు కోరిక న్యాయమైనది. ఆ కోరిక రెసిడెన్షియల్ కాలేజీలకు, తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్లకు, వారం వారం పరీక్షలకు, మార్కుల వరసలో మారే సెక్షన్లకు దారి తీసింది. లక్షల మంది రాసే పరీక్షలో అందరూ కోరుకునే సీట్లు వేలల్లోనే ఉంటాయి. ఎంత కష్టపడినా అత్యధికులు వాటి బయటే ఉండక తప్పని ఏర్పాటు అది, అందులో పిల్లల తప్పు లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వేసవిని మన రాష్ట్రం మరిచిపోకూడదు.

మళ్లీ తిరిగిన చక్రం

బర్మా నుంచి వచ్చిన ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారత్‌లో విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి సాగర్ వెళ్లే దారిలో ధమ్మఖేత్త, సాగర్ హిల్ కాలనీలో ధమ్మ నాగజ్జున కేంద్రాలు ఏర్పడ్డాయి. పది రోజుల మౌనం, శ్వాసను గమనించడం, రుసుము లేకపోవడం వీటి పద్ధతి. తెలుగులో అన్నపరెడ్డి వెంకటేశ్వరరెడ్డి వంటివారు బౌద్ధం గురించీ మనస్తత్వశాస్త్రం గురించీ సమానమైన శ్రద్ధతో రాశారు.

బయట ప్రపంచంలో 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్ ఈ ధ్యాన సాధనను ఆస్పత్రిలోకి తెచ్చారు. 2018 జూలైలో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో హ్యాపీనెస్ కరికులమ్‌ను దలైలామా ప్రారంభించారు. ఫలితాల గురించి నిజాయితీగా ఉండాలి. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా బడి పిల్లలతో చేసిన మిరియడ్ అధ్యయనం 2022లో వెలువడింది. తరగతి మొత్తానికీ ఒకేలా ధ్యానం నేర్పినంత మాత్రాన మామూలు బోధన కన్నా అదనపు మేలు కనిపించలేదని అది తేల్చింది. నాకు ఇందులో నిరాశ కనిపించదు. బడి మారకుండా, ఇంట్లో ప్రశ్న మారకుండా, కళ్లు మూసుకో అని పిల్లవాడికి చెబితే పని జరగదని అర్థమవుతోంది. ఇక మనసు నిజంగా జబ్బుపడినప్పుడు కావాల్సింది వైద్యుడు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో దొరుకుతుంది. ఫణిగిరిలో చక్రం నిలిపినవాడు కూడా వైద్యుడేనని మరిచిపోవద్దు.

మిగతా కథ ఎవరు చెబుతారు

బొమ్మలు మళ్లీ మన దగ్గరికి వచ్చాయి. 2022 మే 14న నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల బుద్ధవనం తెరుచుకుంది. అందులో జాతక కథలను రాతి మీద వరసగా చెక్కారు. 2023లో ఫణిగిరి తోరణం న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనకు వెళ్లొచ్చింది. లోకం చూసిన ఆ తోరణం పుట్టిన గుట్టను సూర్యాపేటలో ఎప్‌సెట్‌కు చదివే పిల్లల్లో ఎంతమంది ఎక్కారు?

నేను కోరేది పెద్ద పథకం కాదు. ఇంటర్ రెండో ఏడు మొదలయ్యే ముందు, ఒక్క రోజు పుస్తకాలు మూసి, పిల్లలను ఫణిగిరికో బుద్ధవనానికో తీసుకెళ్లండి. ఒక అమ్మో, నాన్నో, లెక్చరరో వాళ్ల పక్కన నిలబడి మాంధాత కథ పూర్తిగా చెప్పాలి. వాన దగ్గర మొదలుపెట్టి, తోటలో పడిపోయేదాకా చెప్పాలి. సగం స్వర్గం కూడా ఆ మనిషికి ఎందుకు చాలలేదో వాళ్లనే అడగాలి. సాయంత్రం ఇంటికొచ్చాక, పక్కింటి పిల్లకు ఎంతొచ్చిందని అడగకుండా, "ఇవాళ ఏం చూశావురా?" అని అడగాలి.

ఆ ఒక్క ప్రశ్న మారితే, పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక వైద్యుడు గుట్ట మీద మొదలుపెట్టిన చికిత్స మన ఇంట్లోకి చేరినట్టే.